762 అంటే ఎత్తా, వెడల్పా?

ఒడిశాలోని పర్లాకిమిడి రైల్వే స్టేషన్ని కంప్యూటర్‌లో త్రీడీ మోడల్‌గా కట్టడానికి ఇటుకా సిమెంటూ అక్కర్లేదు. నలుగురు విద్యార్థులు, నాలుగు ల్యాప్‌టాప్‌లు, ఒక వాట్సాప్ గ్రూపు చాలు. కట్టినదాన్ని కూలగొట్టేది కూడా ఆ గ్రూపే.

పని పంపకంలో గొడవేమీ ఉండదు. ఒకడికి పట్టాలు, ఒకడికి ప్లాట్‌ఫారం, అమ్మాయికి రైలు పెట్టెలు, మిగిలినవాడికి భవనం, బోర్డులు. నలుగురూ ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుంటే రెండూ కలిపి తిట్లు. ఎవరి ముక్క వాళ్ల తెర మీద చూస్తే ముచ్చటగానే ఉంటుంది. ముక్కలన్నీ ఒకచోట పెట్టిన రోజునే అసలు కథ.

టేపు పట్టుకుని పట్టాల మీదికి దిగి కొలవడం నేరం, ప్రాణానికీ ముప్పు. అందుకని కొలతలు పుస్తకంలోంచి తీసుకోవాలి. బ్రాడ్‌గేజ్‌కి రైల్వే వాళ్ల షెడ్యూల్ ఆఫ్ డైమెన్షన్స్ అనే కొలతల పుస్తకం ఉండనే ఉంది. పట్టాల మధ్య దూరం, అంటే గేజ్, 1676 మిల్లీమీటర్లు. ఎత్తు ప్లాట్‌ఫారం అయితే పట్టా పైభాగం నుంచి 760కి తగ్గకూడదు, 840 దాటకూడదు. ప్లాట్‌ఫారం అంచు ట్రాక్ మధ్యగీత నుంచి 1670కీ 1680కీ నడుమ ఉండాలి. ఈ అంకెల్ని ఒకసారి పరీక్షగా చూడండి. 1676 పట్టాల మధ్య దూరమూ అవుతుంది, అంచు దూరంగానూ చెల్లుతుంది. అంకెలు కూడా కవలల్లా పుడితే విద్యార్థులేం చేస్తారు పాపం!

బోర్డులవాడికి చరిత్ర పిచ్చి. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి వేయించిన చిన్న రైలుమార్గం రెండున్నర అడుగుల గేజ్, అంటే 762 మిల్లీమీటర్లు. తర్వాత అది బ్రాడ్‌గేజ్ అయింది. ఈ చరిత్రనంతా వాడు గ్రూపులో ఒక్క ముక్కలో పడేశాడు: "మన స్టేషను: 762, తర్వాత 1676." దేని కొలతో లేదు, యూనిట్ లేదు, చివర చేతులు జోడించిన బొమ్మ మాత్రం ఉంది.

ప్లాట్‌ఫారం కుర్రాడు పుస్తకం తిప్పాడు. 762 అంటే ఎత్తు, 760 దాటింది కాబట్టి సరే. 1676 అంచు దూరం, అదీ హద్దులోనే ఉంది. కట్టేశాడు. పట్టాలవాడు పుస్తకం తిప్పే రకం కాదు. మొదటి అంకె తనదే అనుకుని 762కి పట్టాలు పరిచాడు. అంటే తప్పుగా అర్థం చేసుకున్న ప్లాట్‌ఫారం నిక్షేపంగా ఉంది, అర్థం చేసుకోవడానికి అసలు ప్రయత్నించని పట్టాలు రాజావారి కాలానికి వెళ్లిపోయాయి.

అమ్మాయి 1676 గేజ్ చక్రాలతో పెట్టె తెచ్చి దించింది. ఒక్కో చక్రం పట్టాకి 457 మిల్లీమీటర్లు అవతల, అచ్చంగా అడుగున్నర, గాల్లో వేలాడుతోంది.

"నీ పెట్టే పెద్దదైపోనాది," అన్నాడు పట్టాలవాడు.

"నాది సరిగ్గానే ఉందిరా. ఎఫ్‌బీఎక్స్ తెచ్చినప్పుడు స్కేలు మారిందేటో చూడు."

ఎఫ్‌బీఎక్స్ అంటే మోడల్ని ఒకరి నుంచి ఇంకొకరికి మోసే ఫైలు. ఆ అనుమానంలో తప్పు లేదు. ఒకరు సెంటీమీటర్లలో, ఒకరు మీటర్లలో గీస్తే దిగుమతిలో వస్తువు వందరెట్లు పెరగడమో తరగడమో మామూలే. ఓబీజే, ఎస్‌టీఎల్ ఫైళ్లలోనైతే యూనిట్ అన్న ఊసే ఉండదు. కానీ వందరెట్ల తేడా ఎవరికైనా కనిపిస్తుంది. ఇక్కడ తేడా రెండు రెట్ల పైచిలుకే కాబట్టి సర్దుకుపోదామనిపించింది. 762ని 1676తో భాగిస్తే 0.4547. అమ్మాయి పెట్టెని అంతకి కుదించింది. చక్రాలు పట్టాల మీద ముద్దుగా కూర్చున్నాయి.

కానీ 3.245 మీటర్ల వెడల్పు పెట్టె కాస్తా మీటరున్నరకి దిగింది. పట్టా నుంచి 1.3 మీటర్ల ఎత్తున ఉండాల్సిన పెట్టె నేల 59 సెంటీమీటర్లకి జారింది. ప్లాట్‌ఫారం ఎత్తేమో 76. అంటే ఈ రైలు ఎక్కాలంటే కిందికి దిగాలి. దిగడానికి ముందు, ప్లాట్‌ఫారానికీ పెట్టెకీ మధ్య మూడడుగుల పైన ఖాళీ ఉంది కాబట్టి, దూకాలి. దూకి దిగాక నడుం వంచుకుని నిలబడాలి. టిక్కెట్టు తీసుకోవడం మాత్రం మామూలే.

అప్పటికి గాని "762 ఏటిరా?" అని ఎవరూ అడగలేదు. అడిగాక జవాబు అరనిమిషంలో వచ్చింది.

దిద్దుబాటు కూడా అంత తేలిగ్గా లేదు. పట్టాలవాడు ట్రాక్ మొత్తాన్ని పట్టుకుని అడ్డంగా 2.2 రెట్లు సాగదీశాడు. గేజ్ సరిపోయింది, పట్టా తల 67 మిల్లీమీటర్ల నుంచి దాదాపు అరడుగుకి లావెక్కింది. అన్‌డూ చేసి, ఎడిట్ మోడ్‌లో ఒక్కో పట్టాని 457 చొప్పున బయటికి జరిపాడు. పద్ధతి అదే. కాకపోతే పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపర్లు పాత ఐదడుగులవే ఉండిపోయాయి. పట్టాలు రెండూ స్లీపరు చివర దాటి గాల్లో నిలబడ్డాయి. స్లీపర్ని 2.75 మీటర్ల కాంక్రీటుది చేసి, కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ అప్లై చేశాకే ఒకే వస్తువుని వరసగా పరిచే అర్రే మాడిఫయర్‌లో 60 సెంటీమీటర్ల ఎడం సరిగ్గా పడింది.

మిగతావి చిల్లర బాధలు. షెడ్డు కింద నిలబడి పైకి చూస్తే రేకు మాయమై ఆకాశం కనిపిస్తుంది. ముఖం అంటే మోడల్‌ని కప్పే చదును ముక్క. దానికి బ్లెండర్ రెండు వైపులూ చూపిస్తుంది, మోడల్లో తిరిగి చూసే గేమ్ ఇంజిన్ ఒక్కటే చూపిస్తుంది. ముఖం ఎటు చూస్తోందో చెప్పే నార్మల్స్ తిరగబడితే అంతే, షిఫ్ట్ ఎన్ కొట్టాలి. బయటివైపు ఏదో తేలకపోతే రేకుకి మందం ఇవ్వడమే మేలు. పసుపు బోర్డు మీద ఒడియా పేరు టైపు చేస్తే చివరి జంటాక్షరం విడాకులు తీసుకుంటుంది. బ్లెండర్‌కి మన ఒత్తులు పట్టవు. ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో రాసి, పాత్‌గా, అంటే గీతల బొమ్మగా, మార్చి, ఎస్‌వీజీగా తెచ్చుకోవాలి.

అయితే గేజ్ విషయంలో అవమానపడ్డ పట్టాలవాడికి పంతం వచ్చింది. పట్టాని స్లీపరుకి బిగించే క్లిప్పు ఉంటుంది కదా, దాన్ని ఒంపులు తిప్పి, నునుపు చేసి, తుప్పు గుంటలతో సహా చెక్కాడు. ఒక్క క్లిప్పుకి 12,000 ముఖాలు. స్లీపరుకి నాలుగు. 300 మీటర్ల ట్రాక్‌కి 500 స్లీపర్లు. మొత్తం 2 కోట్ల 40 లక్షలు. ఆల్ట్ డితో కాపీ చేస్తే మెమరీ కలిసొస్తుంది గాని, తెర మీద గీయాల్సినవి అన్నీ గీయాల్సిందే. దగ్గరి పది స్లీపర్లకి నిజం క్లిప్పు, దూరంవాటికి డబ్బాలాంటి క్లిప్పు పెడితే సరిపోయేది. "కష్టపడి చేసినదాన్ని దాచుకోడానికేటి?" అన్నాడు వాడు.

సమర్పణ రోజు ప్రొజెక్టర్ మీద స్టేషన్ వచ్చింది. పట్టాలు, పెట్టె, పసుపు బోర్డు అన్నీ ఉన్నాయి. మౌస్ కదలదు, ఫ్యాను మాత్రం బస్సు ఇంజన్లా అరుస్తోంది. మాస్టారు కళ్లజోడు సవరించుకుని కాసేపు చూశారు.

"ఫొటో బాగా తీశారు బాబూ. ఇంక మోడల్ చూపించండి."