తెలుగు అక్షరాల్లో ఇంగ్లీషు ఉచ్చారణంతా ఇమడదు

"తెలుగులో 56 అక్షరాలున్నాయి, ఇంగ్లీషులో 26. కాబట్టి ఏ ఇంగ్లీషు మాటనైనా తెలుగులో ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు. డిక్షనరీలో ఉచ్చారణ చూపే ఫొనెటిక్ గుర్తులు నేర్చుకోవడం దండగ." చాలామంది పంచుకుంటున్న మాట ఇది. నమ్మినవాళ్ల ఇంగ్లీషు ఉచ్చారణ అక్కడే ఆగిపోతుంది గనక ఒక్కో ముక్కా విప్పి చూద్దాం.

ముందు లెక్క. పోల్చాల్సింది ధ్వనులను, అక్షరాలను కాదు. ఇంగ్లీషు లిపిలో 26 అక్షరాలే ఉన్నా, బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో 44 ధ్వనులున్నాయని మామూలుగా లెక్కకడతారు: 24 హల్లులు, 20 అచ్చులు. మన 56లోని ఘ, ఝ, ఢ, ధ, భ ధ్వనులు ఇంగ్లీషులో లేనే లేవు. అంకె పెద్దదైతే కావలసినవన్నీ అందులో ఉన్నట్టు కాదు.

"హల్లులకు మాత్రం లోటు లేదు" అంటారు. ద్రాక్షతీగకు ఇంగ్లీషులో ఉన్న పేరునూ (vine), ద్రాక్షసారా పేరునూ (wine) తెలుగులో రాసి చూడండి. రెండూ "వైన్" అవుతాయి. మొదటిది పలకాలంటే పైపళ్లు కింది పెదవిని తాకాలి, ఆ సందులోంచి గాలి రాసుకుంటూ పోవాలి, గొంతు మోగాలి. రెండోదానికి పళ్లు పెదవిని తాకనే కూడదు. రెండు పెదవులూ గుండ్రంగా ముందుకొచ్చి, నాలుక వెనకభాగం పైకి లేచి, వెంటనే తర్వాతి అచ్చులోకి జారిపోవాలి. మన "వ" ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది: పళ్లు పెదవి దగ్గరికి వస్తాయి గానీ రాపిడి ఉండదు. అందుకే వినేవాళ్లకు అది ఒకోసారి ఒకటిగా, ఒకోసారి మరొకటిగా తోస్తుంది. అద్దం ముందు పలికితే తేడా కంటికే కనబడుతుంది.

"థింక్", "దిస్" అని రాసినా ఇదే చిక్కు. మన థ, ద పలికేటప్పుడు నాలుక పళ్లకు అదిమిపట్టి గాలిని పూర్తిగా ఆపి వదులుతుంది. ఇంగ్లీషులో అక్కడ గాలి ఆగదు; నాలుక కొన పైపళ్ల అంచుకు తేలిగ్గా ఆనితే, సందులోంచి ఎడతెగకుండా పోతుంది. ఆ ధ్వనిని రెండు సెకన్లు సాగదీయండి. సాగకపోతే మీరు పలికింది తెలుగు అక్షరమే. "జీరో" మొదటి ధ్వనికీ ఇదే పరీక్ష: సాగదీస్తే "స్" కి గొంతు మోత కలిసినట్టు వినిపించాలి.

ఒక్కచోట ఆ వాదనలో నిజముంది. "సింగర్"లో గ ధ్వని లేదు, "ఫింగర్"లో ఉంది. ఈ తేడా చూపడానికి మనకు ఙ ఉంది. కానీ "సిఙర్" అని ఎవరూ రాయరు.

"హ్రస్వం, దీర్ఘం ఉంటే అచ్చులకు చాలు" అన్నది అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే మాట. "షిప్", "షీప్" మధ్య తేడా నిడివి ఒక్కటే అనుకుని, షిప్‌ని కొంచెం సాగదీసి షీప్ అంటారు. ఇంగ్లీషులో అచ్చు నిడివి తర్వాతి హల్లును బట్టి మారుతుంది. ప, ట, క లాంటి గొంతు మోగని ధ్వనుల ముందు అచ్చు కుంచించుకుపోతుంది. "బీట్"లోని అచ్చు "బీడ్"లోని దానికన్నా బాగా పొట్టిది. "బిడ్"లోని హ్రస్వం దాదాపు "బీట్"లోని దీర్ఘమంత ఉంటుంది. అయినా వినేవాళ్లు పొరబడరు, ఎందుకంటే నాలుక చోటు వేరు. షీప్‌లో నాలుక ముందుభాగం అంగిలికి బాగా దగ్గరగా లేస్తుంది, పెదవులు పక్కలకు సాగుతాయి. షిప్‌లో నాలుక కాస్త దిగి, కాస్త వెనక్కి జరిగి వదులుగా ఉంటుంది. ఇప్పటి డిక్షనరీలు ఈ రెంటికీ వేర్వేరు ఆకారాలున్న గుర్తులు వాడేది ఇందుకే.

"క్యాట్" అని రాస్తాం గానీ, ఇంగ్లీషులో ఆ మాటలో యకారమే లేదు. విచిత్రమేమిటంటే అందులోని అచ్చు మన నోటికి కొత్తది కాదు. "మేక" అన్నప్పుడు చాలామంది నోరు "మేకు" అన్నప్పటికన్నా ఎక్కువ తెరుచుకుంటుంది. ఆ అచ్చు దీనికి చాలా దగ్గర. ధ్వని ఉంది, దానికి వేరే అక్షరం లేదు.

ఇక ఊనిక (స్ట్రెస్), అంటే మాటలో ఒక సిలబుల్‌ని, ఒక అచ్చు చుట్టూ ఉండే ముక్కని, మిగతావాటికన్నా గట్టిగా పలకడం. తెలుగు లిపిలో దానికి గుర్తే లేదు. ఇంగ్లీషులో "ఫొటోగ్రాఫ్"కి ఊనిక మొదటి సిలబుల్ మీద, "ఫొటోగ్రాఫర్"కి రెండోదాని మీద, "ఫొటోగ్రాఫిక్"కి మూడోదాని మీద పడుతుంది. ఊనిక తప్పిన అచ్చు చాలాసార్లు చప్పబడి, నాలుక నోటి మధ్యలో ఊరికే ఉన్నప్పుడు వచ్చే పొట్టి ధ్వనిగా మారుతుంది. దాని పేరు ష్వా, ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే అచ్చు. ఫొటోగ్రాఫర్‌లో మొదటి, మూడో, నాలుగో అచ్చులు మూడూ అదే. తెలుగులో రాసింది చూసి చదివేవాళ్లు అక్కడ నిండు ఒ, ఆ, అ పలుకుతారు.

ఇక ఫొనెటిక్ గుర్తులు నేర్చుకోవడం "దండగ" అన్న మాట సంగతి. 24 హల్లు గుర్తుల్లో 16 మామూలు రోమన్ అక్షరాలే, విలువా తెలిసినదే. జె ఆకారం య ధ్వనికి వాడతారు. కొత్తవి ఏడే. అచ్చుల్లో ముందు ష్వాను, అంటే తలకిందులైన చిన్న ఇంగ్లీషు e ఆకారాన్ని, తర్వాత షిప్-షీప్ జంటను పట్టండి. ఊనిక ఉన్న సిలబుల్ ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది. కొత్త మాట ఎదురైతే మొదట దాన్ని వెతకండి.

ఒక జాగ్రత్త: డిక్షనరీలో ఏటవాలు గీతల మధ్య ఉండేది అర్థాన్ని మార్చే తేడాలే. "పిన్"లో ప తర్వాత గాలి గట్టిగా వస్తుంది, "స్పిన్"లో రాదు. డిక్షనరీ రెంటికీ ఒకే గుర్తు వేస్తుంది. ఈ తేడా తెలియాలంటే నోటి ముందు అరచెయ్యి పెట్టి పలకాల్సిందే.