చివరి అంకెను చిన్నచూపు చూడకండి

చిన్న అప్‌డేట్లను తీరిక దొరికినప్పుడు చేసుకోవచ్చని సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబర్ల గురించి మీరు ప్రచురించిన వ్యాసంలో రాశారు. ఆ ఒక్క మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపాన్నే తీసుకోండి. అది ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గుప్తంగా పంపడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లోది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.1ఎఫ్ నడుస్తున్న సర్వర్ నుంచి ఎక్కడో కూర్చున్నవాడు ఒక్కో విడతకు 64 కిలోబైట్ల దాకా మెమరీని లాగేయగలిగేవాడు. అందులో పాస్‌వర్డులు ఉండవచ్చు, గుప్త సమాచారాన్ని విప్పే రహస్య తాళాలూ ఉండవచ్చు. ఆ కన్నాన్ని పూడ్చిన వెర్షన్ 1.0.1జి. అంకెలేవీ మారలేదు, మారింది చివరి అక్షరం ఒక్కటే!

వెర్షన్లకు 2.4.1 లాంటి నంబర్లు ఇచ్చే మూడు అంకెల పద్ధతిలో మొదటిది పెద్ద మార్పులకు, నడిమిది కొత్త సదుపాయాలకు, చివరిది మరమ్మతులకు. అందుకే ముందుగా వేసుకోవలసింది ఆ మూడోదే.

ఇంకొకటి కూడా రాసి ఉంటే బాగుండేది. అంకెల మధ్య చుక్క దశాంశ బిందువు కాదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 3.9 తరువాత వచ్చింది 3.10. మా అబ్బాయి వెర్షన్లను దశాంశాలుగా పోల్చే ప్రోగ్రాము రాశాడు. అది 3.10ని 3.1గా చదివి, పాతదని పక్కన పెట్టేసింది. ఒక సాయంత్రమంతా ఇద్దరం వెతికితే గాని తప్పు దొరకలేదు.