గోప్యతకు ఆదాయ పరిమితి

సంతకం రానివాణ్ణి వేలిముద్రగాడని వెక్కిరించిన సమాజం మనది. ఇప్పుడు రోజులు తిరగబడ్డాయి. గచ్చిబౌలిలో కోడు రాసే ఇంజనీరు వేలు పెడితే మిషను ఠక్కున ఒప్పుకుంటుంది. ఆయన ఉండే టవరుకు ఇటుక మోసిన మనిషి వేలిని మాత్రం రేషన్ షాపు ఈపాస్ మిషను నాలుగుసార్లు నొక్కినా గుర్తుపట్టదు. సిమెంటు పట్టి గీతలు అరిగిపోతాయి. మిగిలినవాటి సంగతి అంట్ల సబ్బు, బట్టల సోడా చూసుకుంటాయి. వెనకటికి చదువు రానివాడికి వేలిముద్రైనా దిక్కుండేది. ఇప్పుడు అదీ చదువుకున్నవాళ్లకే బాగా పడుతోంది.

దీనికి డీలర్ల దగ్గర వైద్యం ఉంది. ముందు మిషను అద్దం తుడవాలి, తర్వాత వేలు తుడవాలి. బొటనవేలు పడకపోతే చూపుడు వేలు, అదీ కాకపోతే ఉంగరపు వేలు. పది వేళ్లూ అయిపోతే కంటిపాప, అదీ కుదరకపోతే ఫోనుకు ఓటీపీ. ఆ ఫోను నంబరేమో ఆధార్ తీయించిన నాటిది. రీచార్జి లేక ఎప్పుడో పోయింది, కంపెనీ దాన్ని ఇంకొకరికి ఇచ్చేసింది. ఓటీపీ ఎవరో ముక్కూమొహం తెలియనాయన జేబులో మోగుతుంది. మనిషికి 6 కిలోల సన్నబియ్యానికి ఇంత హంగామా ఏమిటని అడగకూడదు. బియ్యం దొంగలు దొరకాలంటే ఈ మాత్రం తప్పదు.

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. ఇంత విలువైన సొత్తును ఎగువా దిగువా చూడకుండా అందరికీ పంచేస్తే ఎలా అని పెద్దలు కంగారుపడుతుండగా, 2018 సెప్టెంబరు 26న అయిదుగురి ధర్మాసనం 4-1తో సర్దుబాటు చేసింది. బ్యాంకు ఖాతాకు, సిమ్ముకు ఆధార్ తప్పనిసరి కాదు. సర్కారు సబ్సిడీకి తప్పదు. పాన్‌కు కూడా కావాలన్నారు గనక కలిగినవాళ్లకూ కాస్త గుచ్చుకుంది, ఆ మాట దాచకూడదు. బస్తీ భాషలో దీని తాత్పర్యం: హక్కు నీదే, బియ్యం తీసుకెళ్లేటప్పుడు డీలరు దగ్గర పెట్టి పో.

ఇక నల్లగండ్ల వైపు ఏదో ఒక గేటెడ్ కమ్యూనిటీ గేటు దగ్గర నిలబడి చూడండి. ఇంటిపనికి వచ్చే ఆవిడ ఆధార్ జిరాక్స్ ఇవ్వాలి, ఫొటో దిగాలి, యాప్‌లో నమోదు కావాలి. ఆమె గేటు దాటిన నిమిషం ఫ్లాట్ యజమాని ఫోనులో మోగుతుంది. పోయేటప్పుడు సంచీ విప్పి చూపించాలి, సర్వీసు లిఫ్టులోనే దిగాలి. 2024 నవంబరులో ఇదే గేటుకు తెలంగాణ ప్రభుత్వ ఎన్యూమరేటర్లు ఇంటింటి కులసర్వే కాగితాలు పట్టుకొని వచ్చారు. కులం, ఆదాయం, అప్పులు అంటూ 50కి పైగా ప్రశ్నలు. అప్పుడు లోపలివాళ్లకు రాజ్యాంగం గుర్తొచ్చింది. “మా పర్సనల్ వివరాలు మీకెందుకండీ?”

బస్తీల్లో ఈ ప్రశ్న పుట్టలేదు. పేరు రాయించుకోకపోతే పింఛను పోతుందేమోనన్న భయం ముందు, ఫ్రిజ్ ఉందని చెప్పేయడం ఎంత పని? 2014 ఆగస్టు 19 నాటి సమగ్ర కుటుంబ సర్వేకైతే ముంబై నుంచి, సూరత్ నుంచి కూలిపని మానుకొని, బస్సుల్లో కిక్కిరిసి వచ్చి మరీ లెక్క ఇచ్చుకున్నారు. పదేళ్ల తర్వాతి సర్వేలో 96.9 శాతం కుటుంబాలు లెక్కకొచ్చాయి. తలుపు తీయనివాళ్లూ, ఇంట్లో దొరకనివాళ్లూ కలిపి 3.1 శాతం. ఆ 3.1 శాతం కోసం ప్రభుత్వం 2025 ఫిబ్రవరి 16 నుంచి 28 దాకా మళ్లీ గడువిచ్చింది. వేలు పడక వెనక్కి పోయిన ముసలమ్మ కోసం మిషను ఎప్పుడైనా ఇంటికెళ్లి తలుపు తట్టిందా?

జాగ్రత్తలు లేవని కాదు. మాస్క్‌డ్ ఆధార్ దించుకుంటే మొదటి 8 అంకెలు కనబడవు, చివరి 4 మాత్రమే ఉంటాయి. అసలు నంబరు బదులు 16 అంకెల వర్చువల్ ఐడీ ఇవ్వొచ్చు. వేలిముద్రలకు తాళమూ వేయొచ్చు. ఆ తాళం ఎందుకో పెద్దపల్లి జిల్లాను అడగాలి. 2018లో అక్కడ ఒక సిమ్ముల వ్యాపారి భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రల్ని రబ్బరు స్టాంపులుగా మార్చి, వేలకొద్దీ సిమ్ములు యాక్టివేట్ చేసి దొరికిపోయాడు. కాకపోతే తాళం వేసిన వేలిని రేషన్ మిషను కూడా చదవదు. నెలనెలా తెరవాలంటే యాపో వెబ్‌సైటో, దాంతోపాటు ఓటీపీ కావాలి. తెరిస్తే 10 నిమిషాలే తెరిచి ఉంటుంది, ఆలోగా క్యూ కదలాలి. కోటా బియ్యం తినని వేళ్లకే ఆ తాళం పనికొస్తుందన్నమాట.

జిరాక్స్ సంగతీ అంతే. ఎవరికి పడితే వాళ్లకు ఆధార్ జిరాక్స్ ఇవ్వొద్దని 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం హెచ్చరించింది. 29న కేంద్రం ఆ హెచ్చరికను వెనక్కి తీసుకుంది. ఈ దేశంలో జిరాక్స్ ప్రమాదకరంగా ఉన్నది ఆ రెండు రోజులే. అందులోనూ ఒకటి ఆదివారం.

ఎవరికి కారుందో, ఎవరికి ఆస్తుందో కంప్యూటరు లెక్క చూసి రద్దు చేసిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డుల్ని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు తెలంగాణకు చెప్పాల్సి వచ్చింది. పేరును బట్టి మనిషిని పోల్చే యంత్రానికి మన లక్ష్ముల గొడవ ఏం తెలుసు? ఒక కాగితంలో కె, ఎస్, హెచ్‌లతో లక్ష్మి, ఇంకోదాంట్లో ఎక్స్‌తో లక్ష్మి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరం. ఏ లక్ష్మి కారు ఏ లక్ష్మి నెత్తిన పడుతుందో ఆ వరలక్ష్మికే ఎరుక.

కాబట్టి ఈ వ్యవహారాన్ని చాటుమాటుగా నడపడం మాని జీవో తీస్తే మర్యాదగా ఉంటుంది. నగరంలో ఏడాది ఆదాయం 2 లక్షలు దాటితే రేషన్ కార్డుకు అర్హత పోతుంది. ఆ గీత దగ్గరే గోప్యతా కార్డు మొదలుపెట్టాలి. సొంత ఫ్లాటు ఉన్నవాళ్లకు అయిదేళ్లది, విల్లా ఉన్నవాళ్లకు జీవితకాలానిది. అద్దెకున్నవాళ్లు ఓనరు నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. ఎన్యూమరేటరును గేటు దగ్గర నుంచే పంపించినట్టు సెక్యూరిటీ రిజిస్టరు నకలు జతచేస్తే ప్రాధాన్యం.

దరఖాస్తుతో పాటు ఆధార్ జిరాక్స్, రెండు వైపులా. మాస్క్‌డ్ చెల్లదు.