ఒకే కప్పులో మూతి పెట్టిన పులిగారికీ, మేకమ్మకీ

పులిగారికి నమస్కారాలు. మేకమ్మా, నువ్వు బాగున్నావా? (చూశారా, ఉత్తరం మొదలెట్టగానే ఒకరికి గారు, ఒకరికి నువ్వు. అలవాటైపోయింది, ఏమనుకోకండి.)

1934 నుంచీ వాఘ్ బక్రీ టీ బొమ్మలో మీరిద్దరూ ఒకే కప్పులో తాగుతున్నారు. తొంభై ఏళ్లు దాటినా టీ చల్లారలేదు, పులిగారికి ఆకలి వేయలేదు. మా ఊరి గుడి మండపంలో బండ మీద మీకు గీసిన గీతలు వేరు. పులిజూదం అంటారు. పులి మీంచి దూకిందంటే ఇక మేక లేనట్టే. అందులో కప్పూ సాసరూ ఉండవు.

మిమ్మల్ని కలిపిన నారణ్‌దాస్ దేశాయ్ గారి సంగతి తెలుసు. 1892లో దక్షిణాఫ్రికా వెళ్లి తేయాకు తోటలు పెంచారు. అక్కడి వర్ణవివక్ష పడలేక 1915లో తిరిగొచ్చి, 1919లో అహ్మదాబాద్‌లో గుజరాత్ టీ డిపో తెరిచారు. రంగు చూసి పక్కన పెట్టించుకున్న మనిషి కదా, పెద్దకీ చిన్నకీ ఒకటే కప్పు అన్నారు. ఆయనకు గాంధీగారి సర్టిఫికెట్ కూడా ఉంది. ఆ గాంధీగారేమో ఒంటికి టీ అక్కర్లేదనేవారు! అయినా కంపెనీ ఆ కాగితాన్ని ఇప్పటికీ గర్వంగా చూపించుకుంటుంది. వ్యాపారమంటే అదీ.

మీరక్కడ ఒకే కప్పులో తాగుతుండగానే, ఇక్కడ మా ఊరి టీ హోటల్లో రెండు రకాల గ్లాసులుండేవి. ఊళ్లోవాళ్లవి లోపల బల్ల మీద. వాడవాళ్లవి బయట చూరులో. వాళ్లు వచ్చి, చూరులోంచి గ్లాసు లాక్కుని, దూరంగా పట్టుకుంటే హోటలాయన పైనుంచి పోసేవాడు. నేల మీద కూర్చుని తాగి, తామే కడిగి, మళ్లీ చూరులో దోపి వెళ్లేవారు. టీ మాత్రం ఒకే గిన్నెలోది. పాలూ పొడీ చక్కెరా కలిసే మరిగేవి. గ్లాసు దాకా వచ్చాకే దానికి కులం గుర్తొచ్చేది.

ఆ హోటలు ఇప్పుడు లేదు. మేం హైదరాబాద్‌లో, అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. చదువుకున్నవాళ్లం. పొద్దున్నే పనామె వచ్చేసరికి నేనే అల్లం దంచి టీ పెడతాను. ముందు ఆమెకే పోస్తాను. "వేడిగా తాగమ్మా" అంటాను కూడా. కాకపోతే ఆమె గ్లాసు వేరే ఉంది. స్టీలుది, అంచు సొట్టపోయింది, సింకు పక్క కిటికీలో బోర్లించి ఉంటుంది. అక్కడ ఎవరు పెట్టారో మాత్రం అడక్కండి.

మొన్న ఆమె మీ ప్యాకెట్టు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేంది సార్, పులీ మేకా ఒక్క కప్పుల తాగుతున్నయి?"

"కంపెనీవాళ్ల బొమ్మలే" అన్నాను.

ఆమె నవ్వి, గ్లాసు కడుక్కుని, కిటికీలో బోర్లించింది.

ఇట్లు,
మీ ప్యాకెట్టు నెలనెలా కత్తిరించే ఇంటాయన