కంపెనీ ఆపేసిన బండిని ఉంచుకోవాలా? ముందు అది ఏ పార్ట్ దగ్గర ఆగుతుందో చూడండి

తయారీ ఆగిపోయిన మోటార్ సైకిల్ ఉన్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు మెకానిక్ దగ్గర ఈ మాట ఎదురవుతుంది: "ఈ పార్ట్ ఇక రాదండీ, కంపెనీయే ఆపేసింది." అక్కడి నుంచి టెన్షన్ మొదలు. ఇంట్లోవాళ్లు వెంటనే వదిలించుకోమంటారు, బండి పిచ్చి ఉన్న స్నేహితులేమో ఇలాంటిది మళ్లీ దొరకదు, అమ్మొద్దంటారు. రెండు సలహాలూ మన మంచి కోరి చెప్పినవే గానీ, రెండూ ఆ బండిని విప్పి చూసి చెప్పినవి కావు. ఉంచుకోవాలా అమ్మేయాలా అన్నది బండి వయసును బట్టో, మోడల్ ఆగి ఎన్నేళ్లయిందన్నదాన్ని బట్టో తేలదని నా గట్టి నమ్మకం. ఏ పార్ట్ పోతే ఈ బండి ఇక కదలదు, ఆ పార్ట్‌ను ఇంకో దారిలో తెచ్చుకోగలమా? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే మిగతాదంతా దాని వెంటే తేలిపోతుంది.

ఆగిపోయిన మోడళ్లన్నిటినీ మనం ఒకే గాటన కట్టేస్తాం, అది సరికాదు. కవాసాకి కేఎల్ఆర్650 1987 నుంచి 2018 దాకా నడిచింది, మధ్యలో 2008లో రూపు మారినా లోపలి ఇంజన్ ఇంచుమించు అదే, ఆపేశాక 2022 మోడల్‌గా ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో మళ్లీ వచ్చింది కూడా. యమహా ఎస్ఆర్400 1978లో మొదలై చిన్న విరామాలతో 2021 దాకా తయారైంది. ఇలా దశాబ్దాలు నడిచిన డిజైన్లకు పార్టుల కరువు త్వరగా రాదు, ఎందుకంటే రోడ్డు మీద అన్ని బండ్లు తిరుగుతున్నప్పుడు పార్ట్ చేస్తే అమ్ముడుపోతుందని బయటి తయారీదారులకు తెలుసు. యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగింది, అయినా పిస్టన్, రింగులు, క్లచ్ ప్లేట్లు కొత్తవి ఇంకా దొరుకుతున్నాయంటే కారణం అదే. రెండు మూడేళ్లు అమ్మి ఆపేసిన మోడల్ సంగతి వేరు, అది నిన్నమొన్నటిదైనా సరే.

ఈ తేడా ఒకే కంపెనీలో, ఒకే రోజు మూతపడ్డ మోడళ్ల మధ్య కూడా ఉంటుంది. హార్లీ డేవిడ్సన్ 2009 అక్టోబరులో బ్యూయెల్ బ్రాండ్‌ను మూసేసింది. బ్యూయెల్ ఎక్స్‌బీ బండ్ల ఇంజన్ హార్లీ స్పోర్ట్‌స్టర్ ఇంజన్ నుంచి వచ్చిందే కాబట్టి దాని పద్ధతి తెలిసిన మెకానిక్‌లు ఉన్నారు, లోపలి సామానులో కొంత హార్లీ బండ్ల సామానుతో కలుస్తుంది. అదే బ్రాండ్‌లో 1125ఆర్‌కి ఆస్ట్రియా కంపెనీ రోటాక్స్ విడిగా ఓ ఇంజన్ చేసిచ్చింది, బ్యూయెల్ కుటుంబపు బండ్ల బయట ఆ ఇంజన్ ఇంకెక్కడా కనపడదు. బ్రాండ్ ఒక్కటే, మూతపడ్డ నెలా ఒక్కటే, కానీ ఈ రెండు బండ్ల ఓనర్లు వేసుకోవాల్సిన లెక్కలు వేరు. ఇక రిమ్‌కే బిగించిన ముందు బ్రేక్ డిస్క్ విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే తిప్పలు, అలాంటిది వేరే కంపెనీ బండి నుంచి తెచ్చి పెట్టలేం.

మోడల్ ఆపేశాక పదేళ్లు పార్టులు ఇచ్చి తీరాలన్న చట్టం ఉందని చాలామంది ధీమాగా ఉంటారు. అన్ని దేశాల్లోనూ అలాంటి చట్టం లేదు, చాలాచోట్ల అది కంపెనీ సొంత విధానం మాత్రమే, కాబట్టి ఆ పదేళ్ల మాట నమ్ముకుని కూర్చోవద్దు.

ఇప్పుడు బండిలోకి వెళ్దాం. మోటార్ సైకిల్‌లో కంపెనీ తానుగా తయారుచేసే భాగాలు మనం అనుకున్నదానికంటే తక్కువ. చక్రాల బేరింగులు, గేర్‌బాక్స్ బేరింగుల్లో చాలావరకు ప్రపంచమంతా ఒకే కొలతల్లో వచ్చేవి. 6204 అని రాసి ఉంటే లోపలి వ్యాసం 20, బయటి వ్యాసం 47, మందం 14 మిల్లీమీటర్లు, ఏ కంపెనీ చేసినా అంతే, దాన్ని బండి పేరు చెప్పి కాకుండా ఆ నంబర్ చెప్పి కొనుక్కోవచ్చు. ఆయిల్ సీల్ ముఖం మీద కూడా లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం అని మూడు కొలతలు వరసగా అచ్చు వేసి ఉంటాయి. చెయిన్ 520నో 530నో, ప్లగ్‌కు దాని నంబర్ ఉంటుంది, కార్బరేటర్ మికునీదో కీహిన్‌దో అయి ఉంటుంది, బ్రేక్ ప్యాడ్ ఆకారం పది మోడళ్లకు సరిపోతుంది. "పార్ట్ లేదు" అని కౌంటర్‌లో చెప్పినప్పుడు ఆ బండి పేరు మీద ఆ నంబర్‌తో లేదని అర్థం, అంతకు మించి కాదు.

పార్ట్ నంబర్ చదవడం నేర్చుకుంటే సగం భయం పోతుంది. హోండా నంబర్‌లో మూడు ముక్కలుంటాయి, మొదటి ఐదంకెలు అది ఏ రకం సామానో చెబుతాయి, మధ్యలోని మూడు అక్షరాలు ఆ పార్ట్‌ను మొదట ఏ మోడల్ కోసం చేశారో చెబుతాయి. అంటే మీ బండి పార్ట్ లిస్టులో మధ్య ముక్క మీ మోడల్‌ది కాకుండా వేరేదాని కోడ్ కనపడితే సంతోషించండి, ఆ సామాను ఇంకో బండి నుంచి వచ్చిందన్నమాట, అక్కడ వెతకొచ్చు. యమహాలో ఆ మోడల్ కోడ్ మొదటి మూడు అక్షరాల్లోనే ఉంటుంది. ఒక సెలవు రోజు కూర్చుని, మీ బండి పార్ట్ లిస్టులో ఇంజన్ పేజీలన్నీ తిరగేసి, దీనికి మాత్రమే చేసినవి ఏవి, పంచుకున్నవి ఏవి అని గుర్తు పెట్టుకుంటే, మీ బండి భవిష్యత్తు గురించి అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ తెలియని సంగతులు మీకు తెలుస్తాయి. ఈ పని చెయ్యకుండా బండి అమ్మేసినవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

చార్జింగ్ సమస్యనే తీసుకోండి, పాత బండి అమ్మకానికి దారితీసేవాటిలో ఇదొకటి. బ్యాటరీ మాటిమాటికీ దిగిపోతుంది, కంపెనీ స్టేటర్ (ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే తీగ చుట్ట) రాదంటారు, ఇక పని అయిపోయిందనుకుంటారు. మల్టీమీటర్ ఒకటి ఉంటే చాలు. ఇంజన్ ఆన్ చేసి ఐదు వేల ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ మీద పెడితే పదమూడున్నర నుంచి పద్నాలుగున్నర వోల్టుల మధ్య చూపించాలి. చూపించకపోతే స్టేటర్ కనెక్టర్ విప్పండి, చాలా జపాన్ బండ్లలో అక్కడ మూడు పసుపు తీగలు ఉంటాయి, ఇంజన్ నడుస్తుండగా ఏ రెండింటి మధ్య కొలిచినా ఏసీ వోల్టేజీ ఇంచుమించు సమానంగా రావాలి, ఇంజన్ ఆపాక ఏ తీగకూ బండి బాడీతో కనెక్షన్ చూపించకూడదు. మూడూ సమానంగా వస్తే చాలాసార్లు తప్పు ఆ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు సరిచేసే రెగ్యులేటర్‌దో, వేడికి కాలి నల్లబడ్డ కనెక్టర్‌దో అయి ఉంటుంది, రెగ్యులేటర్‌ను వేరే మోడల్‌ది తెచ్చి పెట్టొచ్చు. స్టేటరే పోయినా రాగి తీగ తీసి మళ్లీ చుట్టించవచ్చు, మోటార్ వైండింగ్ తెలిసినవాళ్లకు అది కొత్త పని కాదు. దొరకదన్న పార్ట్ కోసం బండినే వదులుకోవాల్సినంత విషయం ఇందులో లేదు. కాకపోతే దాన్ని చేరుకోవడం బండిని బట్టి ఉంటుంది, హోండా సీఎక్స్500 లాంటివాటిలో స్టేటర్ దాకా వెళ్లాలంటే ఇంజన్ కిందికి దించాల్సిందే.

మెకానికల్ భాగాల్లో చాలావాటికి ఇలాంటి దారి ఏదో ఒకటి ఉంటుంది. సిలిండర్ రీబోర్ చేసి, అంటే లోపలి గోడను కాస్త కోరి, ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తారు, ఫోర్క్ పైపులకు మళ్లీ హార్డ్ క్రోమ్ వేయిస్తారు, టూ స్ట్రోక్ క్రాంక్‌ను విడదీసి కొత్త కనెక్టింగ్ రాడ్ ఎక్కిస్తారు, బుష్‌లు లేత్ మీద చేయిస్తారు. లోపల నికాసిల్ అనే గట్టి పూత ఉన్న సిలిండర్ అయితే మామూలు రీబోర్ కుదరదు, మళ్లీ పూత వేయించాలి, ఖర్చు పెరుగుతుంది గానీ అసాధ్యమేమీ కాదు. గేర్ పళ్లు, ఇంజన్ కేసులు, సిలిండర్ హెడ్, ఈ మూడు మాత్రం నిజంగా ఇబ్బంది పెట్టేవి.

అసలు చిక్కు ఎలక్ట్రానిక్స్‌తో వస్తుంది. ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్), ఏబీఎస్ మాడ్యూల్ (బ్రేక్ వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసేది), డిజిటల్ మీటర్, ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే ఇంజన్ స్టార్ట్ కానివ్వనిది), ఇవి ఒకదాన్నొకటి గుర్తుపట్టి మాట్లాడుకునేలా చేసినవి. ఒకటి పోతే దాని బదులు ఇంకో మోడల్‌ది పెట్టలేం, పాతదాన్ని విప్పి బాగుచేద్దామంటే లోపలంతా రెసిన్ పోసి మూసేసి ఉంటుంది. కార్బరేటర్ బండికి ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టించే సీడీఐ బాక్స్ పోతే ఇగ్నిటెక్ లాంటి కంపెనీల ప్రోగ్రామబుల్ బాక్స్ పెట్టి గట్టెక్కవచ్చు, కానీ ఏబీఎస్ మాడ్యూల్ విషయంలో అలాంటి ప్రయోగం ప్రాణం మీదికి తెస్తుంది, అక్కడ నేను రాజీకి ఒప్పుకోను. అందుకే నా దృష్టిలో 1985 నాటి కార్బరేటర్ బండి కంటే, 2010 తర్వాత వచ్చి తక్కువ అమ్ముడై ఆగిపోయిన, ఎలక్ట్రానిక్స్ నిండా ఉన్న బండిని ఉంచుకోవడమే ఎక్కువ రిస్క్. వినడానికి తలకిందులుగా ఉన్నా సంగతి ఇదే. ఇమ్మొబిలైజర్ ఉన్న బండి అయితే ముందు తాళాల సంగతి చూసుకోండి. కొన్ని యమహా, డుకాటి మోడళ్లలో ఎర్ర తాళం ఒకటి ఇస్తారు, కొత్త తాళాలను బండికి పరిచయం చేసేది అదే. అది పోయి, ఆ తర్వాత మామూలు తాళాలూ పోతే ఈసీయూ, లాక్ సెట్ మార్చేదాకా వెళ్తుంది వ్యవహారం, ఆగిపోయిన మోడల్‌కు ఆ సెట్ ఎక్కడి నుంచి తెస్తారు? డూప్లికేట్ తాళం ఇవాళే చేయించండి.

టైర్లు కూడా చూసుకోవాలి, చాలామందికి ఇది తట్టదు. 1980ల స్పోర్ట్స్ బండ్లలో కొన్నిటికి ముందు చక్రం 16 అంగుళాలు, హోండా వీఎఫ్ఆర్400ఆర్ ఎన్‌సీ30కి వెనక చక్రం 18 అంగుళాలు, 17 అంగుళాలే మామూలైపోయిన కాలంలో ఆ సైజుల్లో మంచి గ్రిప్ ఉన్న టైర్ల ఎంపిక తగ్గిపోతుంది.

పార్టుల కోసమని అదే మోడల్ బండి ఇంకోటి కొనిపెట్టుకోమని సలహా ఇస్తుంటారు. బాడీ ప్యానెళ్లు, ట్యాంక్, ఇంజన్ కేసులు, వైరింగ్ కావాలంటే అది మంచి ఆలోచనే, చోటుంటే చెయ్యండి. అయితే ఒక్కో మోడల్‌కు ఒక్కో బలహీనత ఉంటుంది, మీ బండిలో అరిగిన గేర్ ఆ రెండో బండిలోనూ అరిగే ఉంటుంది, మీ బండిలో ఎండి పగిలిన రబ్బర్ దాంట్లోనూ అదే వయసుది. మీకు కచ్చితంగా కావాల్సిన ఆ ఒక్క పార్ట్ రెండో బండిలో బాగున్నదో లేదో చూడకుండా కొంటే, ఆగిపోయే బండ్లు ఒకటికి రెండవుతాయి. కొత్త పార్టులు ముందుగా కొని దాచుకోవడంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. గాస్కెట్ సెట్, క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు, లీవర్లు, సీడీఐ, కార్బరేటర్ డయాఫ్రమ్ దొరికినప్పుడే తీసుకోండి. ఆ డయాఫ్రమ్ అంటే కార్బరేటర్‌లో స్లైడ్‌ను పైకి లేపే పల్చని రబ్బర్ పొర, దానికి గుండుసూది మొనంత చిల్లు పడినా బండి సగం స్పీడ్ దాటక మొరాయిస్తుంది, చాలా కంపెనీలు దాన్ని స్లైడ్‌తో కలిపి తప్ప విడిగా ఇవ్వవు. టైర్లు, బ్యాటరీలు మాత్రం దాచకండి, అల్మారాలో ఉన్నా వాటి వయసు పెరుగుతూనే ఉంటుంది.

కంపెనీలే పాత పార్టులు మళ్లీ చేస్తున్నాయి కదా అని ఆశ పెట్టుకునేవాళ్లకు ఒక మాట. హోండా 2020లో ఆర్‌సీ30 కోసం ఆగిపోయిన పార్టులు మళ్లీ తయారుచేసింది, కవాసాకి 1972 నాటి జెడ్1కు సిలిండర్ హెడ్లు మళ్లీ పోత పోయించింది. నాకు చాలా ఆనందం కలిగించిన వార్తలు ఇవి, కానీ ఆ రెండూ చరిత్రలో నిలిచిపోయిన బండ్లు. మామూలు 250 సీసీ బండి కోసం ఏ కంపెనీ అచ్చులు మళ్లీ తియ్యదు.

ఇక వాడకం. రోజూ పనికి వెళ్లడానికి ఇదొక్కటే బండి అయితే లెక్క కఠినంగా ఉండాలి, పార్ట్ ఏదో దేశం నుంచి వచ్చేదాకా నెలన్నర ఆగగలరా అని నిజాయితీగా ఆలోచించాలి. ఆగలేకపోతే, బండి మీద ఎంత ప్రేమ ఉన్నా రోజువారీ పనికి వేరే బండి చూసుకోవాలి, అప్పుడు పాతదాన్ని ఉంచుకోవడం కూడా తేలికవుతుంది. ఇంకో బండి ఉండి, ఇది ఆదివారాలు నడిపేదైతే మెకానికల్ బండిని అమ్మడానికి నాకు ఒక్క కారణమూ కనపడదు. ప్రత్యేకించి మీకు స్పానర్ పట్టడం వచ్చినా, ఓపికగా చేసే మెకానిక్ తెలిసినా ఉంచేసుకోండి. ఎలక్ట్రానిక్స్ మీద ఆధారపడ్డ అరుదైన మోడల్ అయి, ఈసీయూ, ఏబీఎస్ మాడ్యూల్ కొత్తవి ఎక్కడా లేవని తేలిపోతే అమ్మేయమనే అంటాను, ఎంత నచ్చినా సరే.

అమ్మేదైతే బండి బాగా నడుస్తున్నప్పుడే అమ్మాలి. నడిచే బండికి వచ్చే ధరకూ, పార్ట్ కోసం మూలన పడిన బండికి వచ్చే ధరకూ పోలికే ఉండదు, చాలామంది చివరి పార్ట్ పోయేదాకా ఆగి అక్కడే నష్టపోతారు. కొనేవాళ్లకు ఏవి దొరుకుతాయి, ఏవి దొరకవు, ఏ బేరింగ్ ఏ నంబర్ అన్నది రాసుకున్న కాగితం ఇవ్వండి. దాచిపెట్టిన పార్టులను విడివిడిగా అమ్ముకోవాలనిపిస్తుంది గానీ వద్దు, బండితో కలిపే ఇచ్చేయండి. అవి లేకపోతే తీసుకున్నవాళ్లు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి, అవి ఉంటే అదే బండి ఇంకో పదేళ్లు రోడ్డు మీద ఉంటుంది.