ఆ చప్పట్లు ఎవరి బిల్లుకి?

మొన్న ఇక్కడ పెన్సిల్వేనియాలో మన తెలుగు సంఘం దీపావళి వేడుకలో, పిల్లల కూచిపూడికీ ఫ్యాషన్ షోకీ మధ్య వచ్చిన ఖాళీలో, మైకు పట్టుకున్న అబ్బాయి ఒక శుభవార్త చెప్పాడు. విశాఖకి గూగుల్ వస్తోంది, ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు, ఒక గిగావాట్ డేటా సెంటర్. హాలు దద్దరిల్లింది. వెనక వరసలో ఈలలు కూడా పడ్డాయి. ఆ ఊపులోనే ఇంకో మాట కలిపాడు: "మన హోమర్ సిటీలో కూడా వస్తోందండోయ్, దానికి నాలుగు రెట్లు!" మళ్ళీ చప్పట్లు. నేనూ కొట్టాను. అబద్ధం చెప్పడం ఎందుకు.

నా పక్కన మా పొరుగింటి పెద్దావిడ కూర్చుని ఉంది. డెబ్బై ఆరేళ్ళు. "మీ దీపాల పండగ ఎప్పుడూ చూడలేదు" అంటే మేమే తీసుకొచ్చాం. దేనికి చప్పట్లు అని అడిగింది, చెప్పాను. కాసేపు ఆలోచించి, చాలా మామూలుగా అడిగింది: "ఆ బిల్లు ఎవరు కడుతున్నారు?"

భోజనాల వరసలో ఈ మాట మన కమిటీ పెద్దాయన ఒకరికి చెప్పాను. కందిపొడి వేయించుకుంటూ ఆయన నవ్వారు. "నెలకి ఇరవై డాలర్లు పెరిగితే వీళ్ళకి ఏడుపు. మనవాళ్ళకి ఉద్యోగాలొస్తాయి సార్. పల్లెటూరి జనం ఎక్కడైనా ఇంతేనండీ." ఆవిడ నా వెనకే ప్లేటు పట్టుకుని నిలబడి ఉంది. తెలుగు రాదు కదా అనుకోవచ్చు. నవ్వు ఏ భాషలో నవ్వినా అర్థమవుతుంది. తిరుగు దారిలో రూట్ 22 మీద గంటసేపు ఆవిడ వాతావరణం గురించి తప్ప ఇంకేం మాట్లాడలేదు.

మీలో చాలామందికి, హోమర్ సిటీ ఉన్న మా ఇండియానా కౌంటీ అంటే పెన్ హిల్స్ వెంకన్న గుడికి ఎగువన ఎక్కడో ఉండే అడివి. ఎనభై మూడు వేల జనాభా, క్రిస్మస్ చెట్ల తోటలు, ఒక యూనివర్సిటీ. మా ఆవిడ జే-1 వీసా వేవర్ మీద, అంటే డాక్టర్లు తక్కువున్న చోట పనిచేసే షరతుతో, ఇక్కడి చిన్న ఆసుపత్రికి డాక్టరుగా వచ్చింది. మూడేళ్ళు ఉండి పిట్స్‌బర్గ్ పక్క మన్రోవిల్‌కి దిగిపోదాం అనుకున్నాం. పంతొమ్మిదేళ్ళయింది. చింతపండు కోసం గంట డ్రైవింగ్ అలవాటైపోయింది గానీ, జనవరిలో వచ్చే కరెంటు బిల్లు మాత్రం ఇప్పటికీ అలవాటు కాలేదు. పోయిన జనవరిలో 412 డాలర్లు వచ్చింది. మాది గోడ పక్కన బేస్‌బోర్డు హీటర్లున్న పాత ఇల్లు. మేం కట్టుకోగలం. పక్కింట్లో ఆవిడ ఒక్క గదిలోనే హీటరు వేసుకుని, మిగతా తలుపుల కింద తువ్వాళ్ళు కుక్కి కూర్చుంటుంది.

ఆవిడ భర్త హోమర్ సిటీ థర్మల్ ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు ఆపరేటరు. డ్యూటీ దిగి ఇంటికొస్తే లంచ్ డబ్బాని వరండా మెట్టు మీద రెండుసార్లు తట్టి, బూడిద దులిపి గాని లోపలికి తెచ్చేవాడు కాదట. ఇది విన్నప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మాది కొండపల్లి. నాన్న ఇబ్రహీంపట్నం వీటీపీఎస్ థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టు ఫిట్టరు. ఆయన క్యారేజీ అమ్మ గడప దాటనిచ్చేది కాదు, బావి దగ్గరే కడిగేది. వేసవిలో డాబా మీద గుడ్డ పరిచి గుమ్మడి వడియాలు పెడితే సాయంత్రానికి ప్రతి వడియం మీదా సన్నగా బూడిద. వేలితో రాసి, ఊది, "బూడిద తింటే ఏమీ కాదులే, విభూతి అనుకో" అనేది. మా ఊళ్ళో దగ్గు ఎందుకంత ఎక్కువో ఆ వయసులో మాకెవరికీ పట్టలేదు. ఇంకోటి కూడా గుర్తుంది. ప్లాంటు క్వార్టర్స్‌లో కరెంటు పోయేది కాదు. గేటు దాటి ఫర్లాంగు వస్తే మా వీధిలో రాత్రి ఎనిమిదికి ఠంచనుగా పోయేది. కరెంటు తయారయ్యే ఊరికీ, కరెంటు ఉండే ఊరికీ తేడా నాకు పదేళ్ళకే తెలుసు. చిత్రం ఏమిటంటే, ఆ తెలిసిన వాణ్ణే హాల్లో చప్పట్లు కొట్టాను.

హోమర్ సిటీ కథ కూడా అలాంటిదే. మొదటి రెండు యూనిట్లు 1969లో, మూడోది 1977లో. మొత్తం 1,884 మెగావాట్లు. కట్టినప్పుడు సగం వాటా న్యూయార్క్ రాష్ట్రపు కంపెనీది. అంటే బొగ్గు మా కింద, బూడిద మా మీద, తీగలు ఉత్తరానికి. మూడో యూనిట్ పొగ గొట్టం 1,217 అడుగులు, దేశంలోకెల్లా పొడుగు. అంత ఎత్తు ఎందుకంటే, పొగ మా నెత్తిన పడకుండా అవతలి రాష్ట్రాల నెత్తిన పడడానికి. గాలి సరిహద్దులు దాటి పోతే ఎవరు ఆపాలి అన్న తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2014లో పర్యావరణ సంస్థ ఈపీఏ పక్షాన తీర్పు వచ్చింది. ఆ కేసు పేరులో మా ఊరి పేరే ఉంది. లా చదివే మన పిల్లలు దాన్ని పరీక్షకి బట్టీ పడతారు, అమ్మానాన్నలు మాత్రం ఎగ్జిట్ దాటి వెళ్ళిపోతారు.

చవక గ్యాసు దెబ్బకి ప్లాంటు 2023 జులైలో మూతపడింది. 2025 మార్చి 22న, శనివారం ఉదయం, గొట్టాలు కూల్చారు. ఫ్లాస్కులో టీ పోసుకుని నేనూ కొండ మీదికి వెళ్ళాను. జాతరలా ఉంది. పికప్ ట్రక్కుల మీద ఎక్కి పిల్లలు, మడత కుర్చీల్లో రిటైరైనవాళ్ళు. ముందు గొట్టం నడుం దగ్గర వంగింది, ఆ తర్వాత ఎంతో సేపటికి, అంటే రెండు మూడు సెకన్లకి, చప్పుడు వచ్చి గుండెకి తగిలింది. కొందరు కేకలు పెట్టారు, ఒకాయన టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు. మా పెద్దావిడ రాలేదు. వంటింట్లో ప్లేట్లు గలగలమన్నాయని మాత్రం చెప్పింది. రెండు వారాలైనా కాలేదు, ఏప్రిల్ 2న ప్రకటన. అదే స్థలంలో 3,200 ఎకరాల్లో డేటా సెంటర్ల ప్రాంగణం, దానికి సొంత గ్యాసు ప్లాంటు, ఏడు టర్బైన్లు, సుమారు 4,400 మెగావాట్లు.

మన కమిటీ పెద్దాయన వాదనలో న్యాయం లేకపోలేదు. కట్టేటప్పుడు పదివేల ఉద్యోగాలు, కట్టాక వెయ్యి అంటున్నారు కంపెనీవాళ్ళు. ప్లాంటు మూతపడ్డాక ఇక్కడి స్కూళ్ళకి పన్ను పడిపోయింది, అది నిజం. సొంత కరెంటు తయారుచేసుకునేవాడు మన తీగల మీద పడడు కదా అన్నదీ సబబే. బొగ్గుతో యూనిట్‌కి దాదాపు కిలో బొగ్గుపులుసు వాయువు వస్తే, కొత్త గ్యాసు టర్బైన్లతో అందులో సగం కన్నా తక్కువ. ఇదీ లెక్కే. కానీ సగం రేటున రెట్టింపు పైన కాలిస్తే ఏమవుతుంది? 2025 నవంబరులో రాష్ట్రం ఇచ్చిన అనుమతి ప్రకారం ఏటా కోటీ 75 లక్షల టన్నుల దాకా వదలొచ్చు. అదే నెలలో, కర్బనానికి ధర కట్టే ఆర్‌జీజీఐ ఒప్పందం నుంచి పెన్సిల్వేనియా బడ్జెట్ బేరంలో బయటికొచ్చేసింది.

ఇక బిల్లు. చాలామంది "ఫస్ట్ హాఫ్ సప్లై, సెకండ్ హాఫ్ డెలివరీ" అని చూసి పక్కన పడేస్తారు. సప్లై రేటు లోపల దాక్కున్న ముక్క పేరు కెపాసిటీ. దాన్ని మన భాషలో చెబుతాను. పెళ్ళికి వంటవాళ్ళకి బయానా ఇస్తాం చూడండి, అది. జనం వచ్చినా రాకపోయినా పొయ్యి రాజేసి సిద్ధంగా ఉండడానికి ఇచ్చే డబ్బు. 13 రాష్ట్రాలకీ డీసీకీ ఈ బయానా వేలం వేసేది గ్రిడ్ నడిపే సంస్థ పీజేఎం. 2024-25కి మెగావాట్‌కి రోజుకి 28.92 డాలర్లు. 2025-26కి 269.92. ఆ తర్వాతి ఏడాదికి 329.17, అది కూడా మా గవర్నర్ షపీరో గొడవపడి పైకప్పు వేయించాక. 2025 డిసెంబరు వేలంలో, 2027-28కి, 333.44. ఎందుకిలా? ముహూర్తాల రోజున ఒక పెళ్ళివారు ఉన్నట్టుండి "మావాళ్ళు ఇంకో పదివేలమంది వస్తారు" అంటే, ఊళ్ళో వంటవాళ్ళ బయానా ఆ పెళ్ళికే కాదు, అన్ని పెళ్ళిళ్ళకీ పెరుగుతుంది. 2025-26 బయానా మొత్తం 1,470 కోట్ల డాలర్లలో 930 కోట్లు డేటా సెంటర్ల గిరాకీ వల్లేనని పీజేఎం మార్కెట్ల మీద నిఘా పెట్టే స్వతంత్ర సంస్థే లెక్క తేల్చింది. ఆ గిరాకీలో కొంత అప్పటికి ఇంకా కట్టనైనా కట్టని సెంటర్లది. రాబోయే విందుకి మా పెద్దావిడ ఇప్పటినుంచే చదివింపులు చదివిస్తోందన్నమాట, తువ్వాళ్ళు కుక్కిన గదిలో కూర్చుని.

పైగా పల్లెల్లో మైలు తీగకి ఉండే ఇళ్ళు నగరంలో కన్నా బాగా తక్కువ. అందుకే స్తంభాల ఖర్చు ఇంటికి ఎక్కువ పడుతుంది. 2025 చలికాలంలో అయితే, ఫెడరల్ షట్‌డౌన్ పుణ్యమా అని, నవంబరులో మొదలవ్వాల్సిన లిహీప్, అంటే పేదిళ్ళకి వేడి ఖర్చుకిచ్చే ప్రభుత్వ సాయం, డిసెంబరుకి జరిగింది. ఆ నెల్లాళ్ళు మా వీధిలో ఎవరూ దాని గురించి గట్టిగా మాట్లాడలేదు. ఇక్కడివాళ్ళు అప్పు గురించీ చలి గురించీ బయట చెప్పుకోరు.

కరెంటు చార్జీ అంటే "ఇరవై డాలర్లకి ఏడుపు" అని నవ్వే హక్కు మనకెక్కడిది? 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీలు పెంచొద్దన్నందుకే కదా తుపాకులు పేలి ముగ్గురు పోయింది. 2004లో కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేసిన వేదిక మీదే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టాడంటే, అది పల్లెటూరి జనం ఏడుపు విలువ తెలిసే. ఇవాళ ఊళ్ళో మన పెద్దవాళ్ళకి ట్రూఅప్ చార్జీ వంద రూపాయలు పడితే వాట్సాప్ గ్రూపుల్లో ఆయా ప్రభుత్వాలని దులిపేస్తాం. అక్కడి వంద రూపాయలు దోపిడీ, ఇక్కడి ఇరవై డాలర్లు ఏడుపు!

మనింట్లో సంగతి కూడా చెప్పుకోవాలి. మా అమ్మ ఇక్కడికొచ్చిన ఆరు నెలలూ నేను లేచేసరికి రౌటరు దగ్గర్నుంచి మైక్రోవేవ్ దాకా అన్ని ప్లగ్గులూ పీకి ఉండేవి. విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు నేనే రాత్రి పదింటికి ఇల్లంతా తిరిగి లైట్లు ఆర్పుతుంటే పిల్లలు "నానమ్మ వచ్చింది" అంటారు. అదే ఇంట్లో గ్యారేజీలో రెండో ఫ్రిజ్ ఏడాది పొడుగునా తిరుగుతుంటుంది, దేనికయ్యా అంటే ఇడ్లీ పిండికీ, మన పార్టీల్లో మిగిలిన పులిహోరకీ. దీపావళికి కట్టిన లైట్లు ఉగాదికి గాని విప్పం. పొదుపు మన రక్తంలో ఉందని ఇంకొకరికి ఉపన్యాసం ఇచ్చే పరిస్థితిలో నేనైతే లేను.

డేటా సెంటర్లు వద్దని నేననడం లేదు. మా అబ్బాయి జీతం అక్కణ్ణుంచే వస్తుంది, మీ ఇళ్ళలో కూడా సగం అంతే. అందుకే అడగాల్సింది మనం. పక్కనే ఒహాయోలో ఏం చేశారో చూడండి. కొలంబస్ వైపు 2025 జులైలో కొత్త టారిఫ్ తెచ్చారు. పెద్ద డేటా సెంటర్ నాకింత కావాలని అడిగితే, వాడినా వాడకపోయినా అందులో కనీసం 85 శాతానికి, పన్నెండేళ్ళ దాకా డబ్బు కట్టాలి. ఎవరి విందుకి వాళ్ళే బయానా. పెన్సిల్వేనియాలో కరెంటు రేట్లని నియంత్రించే పీయూసీ కూడా 2025లో పెద్ద వాడకందార్లకి నమూనా టారిఫ్ రాయడం మొదలుపెట్టి, జనం అభిప్రాయం అడిగింది. సర్వర్లు ఎంత తాగుతాయో, ఏ గంటలో తగ్గించుకోగలవో లోపలినుంచి తెలిసిన ఇంజినీర్లు మన సంఘంలో ఎంతమంది లేరు? క్రికెట్ లీగ్ షెడ్యూలుకి మూడు జూమ్ మీటింగులు పెట్టుకునేవాళ్ళం, దీనికి ఒకటి పెట్టలేమా? విశాఖ వాళ్ళకి కూడా అదే ప్రశ్న పంపుదాం: ఒక గిగావాట్ ఎక్కణ్ణుంచి, ఏ రేటుకి, ఆ తీగల ఖర్చు ఎవరి స్లాబులో పడుతుంది? చప్పట్లు ఆ జవాబు వచ్చాక కొడదాం. ఆలస్యమైతే ఏమీ పోదు.

ఇంకొకటి కమిటీవారికి. సంక్రాంతికి పెద్దావిడని మళ్ళీ పిలిచాను. "చూద్దాంలే, రోడ్లు బాగుంటే" అంది. మాట అన్న పెద్దాయన మంచివారే, నాకు తెలుసు, మా అమ్మ పోయినప్పుడు కార్యానికి బ్రాహ్మణ్ణి వెతికిపెట్టింది ఆయనే. కాబట్టి ఆయన్నే అడుగుతున్నాను. ఆవిడ ఆ హాలుకి రాకపోయినా మీరే మా ఊరికి రండి. టౌన్‌షిప్ సమావేశం ఏ నెలదైనా సరే, వెనక కుర్చీలు ఎప్పుడూ ఖాళీయే. ముందు మా ఇంట్లో ఇడ్లీ, తర్వాత ఆవిడ ఇంట్లో కాఫీ. కోటు మాత్రం విప్పకండి, ఆ ఇంట్లో ఒక్క గదే వెచ్చగా ఉంటుంది.