ఆలస్యం ఆల్జీబ్రా విషం

జనవరి నెలాఖరు వచ్చిందంటే డాలస్‌కి ఉత్తరాన, అంటే ఫ్రిస్కో, ప్లేనో, అలెన్, ప్రాస్పర్ వైపు తెలుగు ఇళ్ళలో సంక్రాంతి అరిసెలు ఇంకా డబ్బా అడుగున ఉండగానే అసలు సీజన్ మొదలవుతుంది. మిడిల్ స్కూల్, అంటే ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు వచ్చే ఏడాది క్లాసులు ఎంచుకోవాలి. కొన్ని ఊళ్ళలో ఆ బడిని జూనియర్ హై అంటారు. పేరు ఏదైనా టెన్షన్ ఒకటే. పన్నెండేళ్ళ పిల్లాడి ముందు బడివాళ్ళు ఒక జాబితా పెట్టి, బాబూ నీకేం నేర్చుకోవాలని ఉంది అని అడుగుతారు. ఇంత బాధ్యత లేని ప్రశ్న ఒక ప్రభుత్వ బడి అడుగుతుందని నేను అనుకోలేదు.

మనం ఎక్కడినుంచి వచ్చినవాళ్ళం? పదో తరగతి ఫలితాలు రాకముందే ఎంపీసీయా బైపీసీయా అన్నది పెదనాన్న, మేనమామ, వీధి చివరి లెక్చరర్ గారు కలిసి తేల్చేసిన చోటినుంచి వచ్చాం. ఆ సమావేశానికి మనల్ని పిలవలేదు, కాఫీలు అందించడానికి తప్ప. ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్ కింద సంస్కృతం తీసుకున్నది మార్కులు పడతాయని, కాళిదాసుని కలుద్దామని కాదు. అలా పద్ధతిగా పెరిగిన తల్లిదండ్రుల్ని కౌన్సెలర్ కూర్చోబెట్టి, మీ అబ్బాయి అభిరుచులు ఏమిటి అని అడిగితే ఏం చెప్పాలి? అభిరుచులు ఉద్యోగం స్థిరపడి, ఇంటి లోను తీరాక చూసుకునే వ్యవహారం కదా.

పిల్లల తరఫున మాట్లాడేవాళ్ళు ఈ దేశంలో చాలామంది ఉన్నారు. తల్లిదండ్రుల తరఫున ఎవరూ లేరు. అందుకే ఈ వ్యాసం.

ముందు లెక్కలు. మిగతావన్నీ లెక్కల తర్వాతే, కొన్ని ఇళ్ళలో అయితే లెక్కల తర్వాత కూడా లెక్కలే. మామూలుగా వెళ్ళే పిల్లలు తొమ్మిదో తరగతిలో ఆల్జీబ్రా వన్ చదువుతారు, అడ్వాన్స్‌డ్ పిల్లలు ఎనిమిదిలోనే చదివేస్తారు. ఎనిమిదిలో అయిపోతే తొమ్మిదిలో జామెట్రీ, పదిలో ఆల్జీబ్రా టూ, పదకొండులో ప్రీకాల్‌కులస్, పన్నెండులో ఏపీ కాల్‌కులస్. ఏపీ అంటే మన ఆంధ్ర కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి క్లాసు. పద్ధతిగా, ఊపిరి పీల్చుకుంటూ ఎక్కే మెట్లు. ఇది చాలదా అని అమాయకులు అడుగుతారు. చాలదు, ఎందుకంటే ఎదురింటివాళ్ళ అమ్మాయి ఏడులోనే ఆల్జీబ్రా వన్ చేస్తోంది, అలా చేస్తే కాల్‌కులస్ పదకొండుకే వస్తుంది, మరి పన్నెండులో ఏం చదువుతుంది అంటే మల్టీవేరియబుల్ అని ఇంకా పై కాల్‌కులస్ ఉందిట, అది వాళ్ళ బళ్ళో లేకపోతే కమ్యూనిటీ కాలేజీలో ఉందిట, అక్కడా సీటు దొరక్కపోతే ఏం చెయ్యాలన్నది ఆ అమ్మాయి ఆరో తరగతిలో ఉండగానే వాళ్ళ నాన్నగారు స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి ఉంచారు. ఆయన ఆఫీసులో ప్రాజెక్టు డెడ్‌లైన్లు ఇంత ముందుగా చూసుకోరని వాళ్ళ టీమ్ వాళ్ళు అంటుంటారు.

టెక్సాస్ చట్టంలో ఒక సదుపాయం ఉంది. క్లాసులో కూర్చోకుండానే పరీక్ష రాసి 80 శాతం తెచ్చుకుంటే ఆ సబ్జెక్టు దాటేసినట్టే. క్రెడిట్ బై ఎగ్జామ్ అంటారు దాన్ని. ఎక్కడో అరుదుగా పుట్టే బాల మేధావి బళ్ళో విసుగెత్తిపోకుండా ఉండాలని ఎవరో పెద్దమనసుతో పెట్టి ఉంటారు. అలాంటి మేధావులు మన సబ్‌డివిజన్‌లో ప్రతి వీధికీ పదిమంది తేలారు. జూన్ నెలలో మిగతా పిల్లలు ఈతకొలనులో దూకుతుంటే మనవాళ్ళు బిర్యానీ హోటలుకీ ఐబ్రోస్ చేసే పార్లర్‌కీ మధ్యనున్న కోచింగ్ సెంటర్లో కూర్చుని ఏడాది జామెట్రీని కొన్ని వారాల్లో ముగిస్తారు. ఆగస్టులో బడి తెరిచేసరికి పిల్లాడికి త్రిభుజాలు అన్నీ వచ్చు, ఈత రాదు.

ఇంతలో 2023లో ఆస్టిన్‌లో కూర్చున్న శాసనసభ మన నెత్తిన ఒక పిడుగు వేసింది. సెనేట్ బిల్ 2124. రాష్ట్రం పెట్టే ఐదో తరగతి స్టార్ పరీక్షలో లెక్కల్లో పై 40 శాతంలో నిలిచిన పిల్లలందర్నీ ఎవరూ అడగకపోయినా ఆరో తరగతిలో అడ్వాన్స్‌డ్ లెక్కల్లో చేర్చాలి, వద్దనుకున్న తల్లిదండ్రులే వద్దని చెప్పుకోవాలి. ఎందుకు తెచ్చారయ్యా అంటే, మార్కులు బాగానే వచ్చినా ఇంట్లో పట్టించుకుని అడిగేవాళ్ళు లేక, అడ్వాన్స్‌డ్ క్లాసు కావాలని అడిగే ఫారం ఒకటుందనే తెలియక మామూలు క్లాసులో ఉండిపోతున్న పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు, హిస్పానిక్ పిల్లలు చాలామంది ఉన్నారని. ఇది కొత్త గొడవ కూడా కాదు. 1960లలో మిసిసిపీలో ప్రాణాలకి తెగించి నల్లజాతివాళ్ళని ఓటర్లుగా నమోదు చేయించిన బాబ్ మోజెస్ 1982లో ఆల్జీబ్రా ప్రాజెక్ట్ మొదలుపెట్టి, పిల్లలకి ఆల్జీబ్రా అందడం ఓటు హక్కు అంత ముఖ్యమైన పౌరహక్కు అని బతికినంత కాలం వాదించాడు.

చాలా గొప్ప ఆశయం. మన వాట్సాప్ గ్రూపులో దాని మీద వచ్చిన మొదటి ప్రశ్న, నలభై శాతం మంది ఉంటే ఇంకా దాన్ని అడ్వాన్స్‌డ్ అని ఎలా అంటారు అని.

న్యాయమైన ప్రశ్న. ఎంసెట్ రాసినవాడికి తప్ప ఆ బాధ అర్థం కాదు. మన ర్యాంకుకి విలువ మన వెనక నిలబడ్డ లక్షమంది వల్లే వచ్చింది, వాళ్ళని కూడా ప్రభుత్వం చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చేస్తే మనం ఇంత దూరం, విమానం ఎక్కి, వీసా లైన్లో నిలబడి వచ్చి ఏం లాభం? మా పిల్లాడికి ఆ క్లాసులో సీటు పోలేదండీ, వాడు అందులోనే ఉన్నాడు, కాకపోతే పక్కన ఇంకొకడు కూడా ఉన్నాడు. ఈ నష్టాన్ని ఏ ఫారంలో నింపాలో బడివాళ్ళు ఇంతవరకు చెప్పలేదు. అందుకే గ్రూపులో పెద్దలు కొత్త మార్గం చూశారు. అడ్వాన్స్‌డ్‌కి పైన ఇంకోటి ఉండాలి, దానికి మళ్ళీ పరీక్ష పెట్టాలి, ఆ పరీక్షకి మళ్ళీ బిర్యానీ హోటలు పక్కన కోచింగ్.

శాన్‌ఫ్రాన్సిస్కోలో దీనికి పూర్తిగా తిరగేసి చేశారు. 2014లో మిడిల్ స్కూళ్ళలో ఆల్జీబ్రానే ఎత్తేసి, అందరూ తొమ్మిదిలోనే చదవండి అన్నారు. పదేళ్ళు అయ్యాక, 2024 మార్చిలో ఊరంతటినీ ఓటు అడిగితే 80 శాతానికి పైగా జనం దాన్ని తిరిగి తెమ్మన్నారు. ఆ పదేళ్ళూ అక్కడి మనవాళ్ళు ఎలా బతికారో అని జాలిపడబోయాను గానీ, ట్యూషన్లు ఉన్నాయి కదా, డబ్బున్నవాళ్ళు బానే బతికారు.

ఇదంతా ఎందుకు అని అడిగితే సమాధానం ఒక్క గుక్కలో వస్తుంది. ఆరులో అడ్వాన్స్‌డ్ పడకపోతే ఎనిమిదిలో ఆల్జీబ్రా రాదు, అది రాకపోతే హైస్కూల్లో ఏపీలు ఆలస్యం, ఏపీలకి పాయింట్లు ఎక్కువ గనక అవి ఆలస్యమైతే జీపీఏ, అంటే మార్కుల సగటు, బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే ర్యాంకు జారుతుంది, ర్యాంకు జారితే యూటీ ఆస్టిన్, అంటే ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ, పోతుంది. 1997లో ఈ రాష్ట్రం చట్టం చేసినప్పుడు ప్రతి హైస్కూల్లోనూ పై పది శాతం పిల్లలకి రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు ఖాయం. యూటీ ఆస్టిన్ దాన్ని తగ్గిస్తూ తగ్గిస్తూ వచ్చి 2026లో చేరేవాళ్ళకి ఐదు శాతం చేసింది. ఆ ఐదులో పడినా యూనివర్సిటీలో అడుగు పెట్టనిస్తారు గానీ కంప్యూటర్ సైన్స్ ఇస్తామని మాట ఇవ్వరు. అంటే ఇంత చేసీ పిల్లాడు చివరికి ఫిలాసఫీ చదవాల్సి రావచ్చు. ఈ మాట నేను ఒక అపార్ట్‌మెంట్ పూజలో అంటే ఇద్దరు తల్లులు ప్రసాదం ప్లేటు కింద పెట్టేశారు.

ఏడో తరగతిలో టెక్సాస్ చరిత్ర అందరికీ తప్పనిసరి. దాన్ని వేసవిలో దాటేసి ఎనిమిదో తరగతి చరిత్రకి దూకాలన్న కోరిక మాత్రం మనవాళ్ళలో ఎవరికీ కలగలేదు. అలమో కోట దగ్గర ఏం జరిగిందో పిల్లలు ప్రశాంతంగా, వాళ్ళ వయసులోనే నేర్చుకుంటున్నారు. పాపం ఆ టీచరు కూడా సుఖంగా ఉన్నట్టే కనిపిస్తారు.

ఇక ఎలెక్టివ్‌లు, అంటే పిల్లలు ఇష్టంకొద్దీ ఎంచుకునే క్లాసులు. ఇక్కడే పిల్లలు చేతికి చిక్కకుండా పోతారు. మిడిల్ స్కూల్ మూడేళ్ళలో కనీసం ఒక్క ఫైన్ ఆర్ట్స్ క్లాసైనా చదవాలని, నాలుగు సెమిస్టర్లు వ్యాయామం చేసి ఒళ్ళు వంచాలని రాష్ట్రం నియమం పెట్టింది, పిల్లలు మనుషులన్న అనుమానం ప్రభుత్వానికి ఉన్నట్టుంది. మనం ఆ నియమాన్ని గౌరవిస్తూనే పని కానిస్తాం. డ్రాయింగ్ అంటే ఆర్కిటెక్చర్‌కి పనికొస్తుంది. నాటకాలంటే పబ్లిక్ స్పీకింగ్ అని రాసుకోవచ్చు, దానికంటే డిబేట్ మేలు. ఆర్కెస్ట్రాలో వయొలిన్ అంటే ఎటూ కర్ణాటక సంగీతం మాస్టారు రెండు వీధుల అవతలే ఉన్నారు, ఒకే వాయిద్యం మీద రెండు ఫీజులు. రోబోటిక్స్‌కి వివరణ అక్కర్లేదు.

చిక్కంతా బ్యాండ్‌తో. బ్యాండ్ డైరెక్టర్ ఒక సాయంత్రం పిల్లల్ని పిలిచి, పెదాలూ పళ్ళవరసా చూసి, ఒక్కో వాయిద్యం ఊదించి, ఎవరికి ఏది పడుతుందో చెప్తాడు. అలా ఈ మధ్య మా వైపు ఒక అబ్బాయికి ట్యూబా పడింది. పిల్లాడి మొహం వెలిగిపోయిందిట. ఆ రాత్రి ఇంట్లో అత్యవసర సమావేశం. ట్యూబా అంటే పిల్లాడికంటే పెద్దది. కార్లో పడుతుందా అని తండ్రి. వీడియో కాల్లో తెనాలి నుంచి అమ్మమ్మ, అంత బూరా ఊదితే పిల్లాడికి ఆయాసం రాదుటే అని కూతుర్ని నిలదీసింది. హైస్కూల్లో బ్యాండ్ అంటే ఆగస్టు ఎండలో మార్చింగ్, శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ ఆటల్లో వాయించడం, పైగా చాలాచోట్ల ఏపీ క్లాసుకున్న పాయింట్లు బ్యాండుకి లేవు, అంటే వాడు ఎంత బాగా ఊదితే జీపీఏ అంత కిందకి. ససేమిరా వద్దనుకున్నారు.

తెల్లారేసరికి గ్రూపులో ఎవరో పెట్టారు, ట్యూబా వాయించేవాళ్ళు తక్కువమంది, కాలేజీ బ్యాండ్లు వెతికి మరీ తీసుకుంటాయని. మధ్యాహ్నానికి తండ్రి కార్లో వెనక సీటు మడిచి కొలతలు తీసుకున్నాడు. సాయంత్రానికి అమ్మమ్మకి ప్రాణాయామం గుర్తొచ్చింది, ఊపిరితిత్తులకి మంచిదేనే అంది. ఫారం గడువు ముగిసేలోపు అదే బళ్ళో మరో నలుగురు తెలుగు పిల్లలకి హఠాత్తుగా ట్యూబా మీద మక్కువ పుట్టింది. బ్యాండ్ డైరెక్టర్ కంగారుపడి వాళ్ళ పెదాలు మళ్ళీ చూశాడట. ఇప్పుడు మొదటి అబ్బాయి తల్లిదండ్రులు ట్యూబాలో పోటీ పెరిగిపోయిందని బసూన్ అనే మరో ఊదే వాయిద్యం గురించి వాకబు చేస్తున్నారు. అబ్బాయి ట్యూబాయే కావాలంటున్నాడు. వాడికి పరిస్థితి అర్థం కావడంలేదు.

భాషల సంగతి తొందరగా ముగిస్తాను. హైస్కూల్ పూర్తవ్వాలంటే ఇంగ్లీషు కాక మరో భాష రెండు క్రెడిట్లు కావాలి, అందుకని ఏడెనిమిది తరగతుల్లోనే స్పానిష్ మొదలు. అయితే కొన్ని స్కూల్ డిస్ట్రిక్టుల్లో తెలుగు పరీక్ష రాసి కూడా ఆ క్రెడిట్లు తెచ్చుకోవచ్చని తెలిసిన రోజునుంచి మాతృభాష మీద మనవాళ్ళకి పొంగుకొచ్చిన ప్రేమ చూడాలి. ఆదివారం తెలుగు నేర్పే మనబడికి బద్ధకించే ఇళ్ళలో ఇప్పుడు భోజనాల దగ్గర ఒత్తులు దిద్దిస్తున్నారు. క్రెడిట్లు పడ్డ మర్నాటినుంచి మళ్ళీ ఇంగ్లీషే అనుకోండి, అయినా నన్నయకి ఆ మాత్రం దక్కింది.

ఏడు లేదా ఎనిమిదో తరగతిలో కాలేజీ, కెరీర్ గురించి పిల్లలకి పాఠం చెప్పాలని 2015లో మరో చట్టం చేశారు. ఆ క్లాసులో నువ్వు పెద్దయ్యాక ఏమవుతావు అని అడుగుతారు. మన పిల్లలు ఆ కాగితం ఇంటికి తెచ్చి నింపించుకుని వెళ్తారు.

కాబట్టి విద్యాశాఖ వారికి నా సూచనలు. ఫారంలో ఎంపికలు ఉండే చోట పిల్లాడి కాలమ్ పక్కన ఇంకో కాలమ్ పెట్టి, మన సబ్‌డివిజన్‌లో మిగతా తెలుగు పిల్లలు ఏం పెట్టారో అందులో చూపించాలి. దీనివల్ల పూజల్లో, పుట్టినరోజుల్లో పక్కవాళ్ళ నోరు విప్పించి కూపీ లాగే శ్రమ తగ్గి, మనుషులు మళ్ళీ మామూలు కబుర్లు చెప్పుకోగలుగుతారు. కౌన్సెలర్లు అభిరుచి అనే మాట తల్లిదండ్రుల సమక్షంలో మాత్రమే వాడాలి. ఐదో తరగతి పరీక్ష ఫలితాల్లో పై 40 శాతం జాబితాతో పాటు, అందులో ఎవరు ఎవరికంటే ముందున్నారో కూడా ఇస్తే పిల్లలకి కాదుగానీ మాకు నిద్ర పడుతుంది.

పిల్లలకి స్వేచ్ఛ లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. పోర్టల్లోకి వెళ్ళి క్లాసులు నొక్కేది వాళ్ళే, మనం వెనక నిలబడతామంతే. గడువు తేదీ దాకా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు కూడా. ఆ లోపు రాత్రిపూట ఎవరూ చూడకుండా వెళ్ళి రోబోటిక్స్ తీసేసి ట్యూబా పెట్టుకునే ప్రమాదం ఉంది గనక, ఆదివారం పాస్‌వర్డ్ మార్చేశాం.